శేషాచలం నీడన సైకిల్ ప్రయాణం: తిరుపతి, చిత్తూరు కొండదారుల సమగ్ర మార్గదర్శి

తిరుపతి నుంచి పడమటికి సైకిల్ తిప్పితే శేషాచలం కొండలు, దక్షిణానికి తిప్పితే పుత్తూరు, నాగలాపురం కొండలు. ఇంత దగ్గరగా ఇన్ని కొండలున్నా చాలామంది సైకిల్‌ని బైపాస్ రోడ్డు మీదే తొక్కి, లారీల హోరుకు విసిగి ఇంటికొచ్చేస్తారు. ఈ ప్రాంతంలో ప్రశాంతమైన దారి దొరకాలంటే రోడ్డుతో పాటు వారాన్నీ వేళనూ కూడా ఎంచుకోవాలి. మంగళవారం పొద్దున ఆరింటికి పక్షుల కూతలు వినిపించే రోడ్డే శనివారం పదింటికి జీపులతో, టెంపో ట్రావెలర్లతో నిండిపోతుంది. అందుకని ముందు కాలం, వేళ గురించి, తర్వాత సైకిల్ గురించి, ఆపైన దారుల గురించి చెప్తాం.

ఎప్పుడు బయల్దేరాలి

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మేలైన కాలం. మార్చి దాటితే తొమ్మిదింటికే తారు కాగుతుంది. మేలో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. ఎండు వంకలు కూడా రాత్రికి రాత్రే పారతాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళకు దారులు తెగిపోయాయి. చప్టా మీద పాదం మునిగేంత నీళ్ళు పారుతున్నా సైకిల్ దింపకండి. నీటి కింద సిమెంటు ఉందో, కొట్టుకుపోయిందో కంటికి తెలియదు.

వారంలో మంగళ, బుధవారాలు మంచివి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, తమిళుల పురటాసి మాసపు శనివారాలు ఉన్నప్పుడు పుత్తూరు రోడ్డు జోలికి పోవద్దు. నడిచి వచ్చే భక్తుల గుంపులు, వాళ్ళ వెనకే వ్యాన్లు ఉంటాయి. జూన్, జూలైల్లో చిత్తూరు వైపు వెళ్ళేవాళ్ళు తోతాపురి మామిడికాయల కాలమని గుర్తుంచుకోవాలి. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి, రోడ్డు అంచున కుళ్ళిన కాయల రసం జారుడుగా ఉంటుంది.

జనవరిలో తెల్లవారేసరికి ఆరున్నర దాటుతుంది, సాయంత్రం ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. అడవిని ఆనుకున్న ఏ దారిలోనైనా సాయంత్రం నాలుగున్నరకు బసకు చేరేలా లెక్కేసుకోండి. దీన్ని సడలించవద్దు. చంద్రగిరి, భాకరాపేట వైపు ఏనుగులు పొలాల్లోకి దిగుతున్నాయి, అవి కదిలే వేళ చీకటే. ఆ చీకట్లోనే ఎర్రచందనం దొంగల కోసం తనిఖీలూ జరుగుతాయి. బస చేసే ఊళ్ళో టీ బంకు దగ్గర “ఈ మధ్య ఏనుగులు దిగినాయా?” అని అడిగితే ఏ ఫోన్ యాప్ చెప్పలేని సమాచారం దొరుకుతుంది.

ఎంతసేపు పడుతుందో లెక్కగట్టడం

సామానుతో చదునైన రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్లు పెట్టుకోండి. ఎక్కాల్సిన ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఇంకో 15 నిమిషాలు కలపండి. ఉదాహరణకు మదనపల్లె ఎత్తు సుమారు 700 మీటర్లు, హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. దూరం 30 కిలోమీటర్ల లోపు. దూరానికి రెండు గంటలు, 565 మీటర్ల ఎక్కుడుకు దాదాపు గంటా ఇరవై అయిదు నిమిషాలు. మధ్యలో దిగి మళ్ళీ ఎక్కే మిట్టలు, నీళ్ళ కోసం ఆగే సమయం కలిపితే నాలుగున్నర గంటలు. దూరం చూసి “రెండు గంటల పనే కదా” అనుకుని పదింటికి బయల్దేరినవాళ్ళు నిప్పులు చెరిగే ఎండలో ఘాట్ మొదట్లో ఉంటారు.

ఇంకో సంగతి. తిరుపతి ఎత్తు 160 మీటర్లే. చిత్తూరు 330, పలమనేరు 680 చుట్టూ. పడమటికి పోయేకొద్దీ నేల మెట్లుమెట్లుగా లేస్తుంది. కాబట్టి సామాను ఎక్కువున్నప్పుడు పైకి రైల్లో వెళ్ళి, తూర్పుకు దిగుతూ రావడం తెలివైన పని. డిసెంబరు, జనవరిల్లో ఈశాన్యపు గాలి మొహాన కొడుతుంది కానీ, దిగుడు ఆ నష్టాన్ని పూడుస్తుంది.

సైకిల్: ముందు గేర్లు, తర్వాతే మిగతావి

కొండదారిలో జనం ఆగిపోయేది బలం చాలక కాదు, గేరు చాలక. లెక్క చాలా తేలిక. ముందు పళ్ళ చక్రంలోని పళ్ళను వెనక చక్రపు పళ్ళతో భాగించండి. మామూలు గేర్లు లేని సైకిల్‌కు ముందు 44, వెనక 18 ఉంటే 2.44 వస్తుంది. టైరున్న చక్రం ఒక చుట్టుకు సుమారు 2.15 మీటర్లు పోతుంది. ఈ సైకిల్ మీద నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పితే గంటకు 19 కిలోమీటర్ల వేగం. ఘాట్‌లో సామానుతో మీరు పోగలిగేది 7, 8 కిలోమీటర్లే. అప్పుడు పెడలు నిమిషానికి 25 సార్లే తిరుగుతుంది, ప్రతి తొక్కుడూ మోకాలి మీదే పడుతుంది. ముందు 34, వెనక 34 ఉంటే అదే 60 తిప్పుళ్ళతో 7.7 కిలోమీటర్ల వేగంలో హాయిగా ఎక్కొచ్చు. కాబట్టి అన్నిటికన్నా చిన్న గేరు ఒకటికి ఒకటి, వీలైతే అంతకన్నా తక్కువ ఉండాలి. ముందు మూడు పళ్ళచక్రాలున్న పాత ఎమ్‌టీబీ (కొండదారి సైకిల్)లో చిన్న పళ్ళచక్రానికి 22 లేదా 24 పళ్ళుంటాయి. చూడ్డానికి సాదాగా ఉన్నా ఈ పనికి అది ఖరీదైన రోడ్ సైకిల్ కన్నా మేలు.

టైర్లు 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు, గాలి ముందు 50, వెనక 55 పీఎస్ఐ చుట్టూ. సన్న టైరు పంచాయతీ రోడ్ల గుంతల్లో రిమ్‌కు తగిలి ట్యూబు రెండుచోట్ల కోసుకుపోతుంది.

సామాను పది కిలోలు దాటనీయకండి. వీపు మీద సంచి వద్దు. చెమట ఆరదు, నడుము పట్టేస్తుంది. వెనక స్టాండుకు రెండు పక్కలా సమానంగా కట్టండి. బరువైనవి అడుగున ఉండాలి. వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులు ఎక్కువ బిగుతుగా, నిటారుగా ఉంటాయి కాబట్టి బరువు పెరిగితే ముందు తెగేవి అవే. ఒక్కటి తెగినా రిమ్ పక్కకు వంగి బ్రేకుకు రాసుకుంటుంది. సరైన పొడవు స్పోకులు మూడు తెచ్చుకుని ఫ్రేముకు టేపుతో కట్టేయండి. మీ సైకిల్ పొడవు స్పోకులు పల్లెల్లో దొరకవు.

పంచరు: ఈ నేలలో తప్పనిది

రోడ్డు అంచున సీమతుమ్మ కంప, గడ్డిలో పల్లేరుకాయలు. ఇక్కడి పంచర్లలో చాలావరకు వీటివల్లే. కంప కొట్టి బండ్లలో తీసుకుపోయేటప్పుడు ముళ్ళు రాలుతూ పోతాయి. కాబట్టి అంచుకు మరీ దగ్గరగా తొక్కకుండా ఒక అడుగు లోపలికి ఉండండి. ఫొటో కోసం సైకిల్‌ని గడ్డిలోకి దొర్లించకుండా ఎత్తి పెట్టండి.

రెండు ట్యూబులు, ఆరు ప్యాచ్‌లు, కొత్త సొల్యూషన్, మూడు ప్లాస్టిక్ టైరు లీవర్లు, గాలిపంపు ఉండాలి. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ కొన్ని నెలల్లో గట్టిపడుతుంది. బయల్దేరే ముందు నొక్కి చూడండి. సన్నటి ప్రెస్టా వాల్వు ఉన్నవాళ్ళకు చిన్న ఇత్తడి అడాప్టర్ తప్పనిసరి. అది ఉంటే ఏ ఊళ్ళోనైనా మోటారు బండ్ల పంచరు షాపులో గాలి కొట్టించుకోవచ్చు, లేకపోతే కంప్రెసర్ ఎదురుగా ఉన్నా పనికిరాదు.

1. సైకిల్‌ని నీడలోకి తెచ్చి చక్రం ఊడదీయండి. వెనక చక్రమైతే ముందు చైనును అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీదకి మార్చండి.
2. టైరు ఒక పక్క మాత్రమే ఊడదీసి ట్యూబు లాగండి. వాల్వు టైరులో ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. ట్యూబులో చిల్లు దొరికితే టైరులో ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది.
3. టైరు లోపల గుడ్డతో మెల్లగా తుడవండి. ముల్లుంటే గుడ్డ పట్టుకుంటుంది. ఈ మెట్టు దాటేసినవాళ్ళకు కిలోమీటరు లోపే రెండో పంచరు. ముల్లు మొన లోపలే విరిగితే గోటికి అందదు. సన్నటి పట్టకారు పెట్టుకోండి.
4. చిల్లు చుట్టూ ఉప్పుకాగితంతో రుద్ది, ప్యాచ్ కన్నా ఎక్కువ మేర సొల్యూషన్ పలచగా రాసి, వేలికి తడి అంటనంతవరకు ఆగండి. అయిదు నిమిషాలు. తడిగా ఉండగానే అంటిస్తే ప్యాచ్ ఎండకు ఊడిపోతుంది.
5. కొద్దిగా గాలి కొట్టి ట్యూబు ఎక్కించి, టైరు అంచును చేతులతోనే రిమ్‌లోకి నెట్టండి. లీవరు వాడితే ట్యూబు నలిగి చిల్లు పడే ప్రమాదం ఉంది. పూర్తిగా గాలి కొట్టే ముందు ట్యూబు ఎక్కడా రిమ్ కింద ఇరుక్కోలేదని చుట్టూ చూడండి.

ఉలవలు, జొన్న కోసిన రోజుల్లో బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రైతులు కోసిన పైరును రోడ్డు మీద పరుస్తారు. దాని మీదుగా తొక్కితే కాడలు వెనక గేర్లలో చుట్టుకుని డీరైలర్ (చైనును గేరు నుంచి గేరుకు మార్చే భాగం) విరగొచ్చు. దిగి పక్కనుంచి నడిపించండి.

నీళ్ళు, తిండి

గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు. సైకిల్‌కు రెండు సీసాలు, సంచిలో ఇంకో లీటరు. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు నీళ్ళలో అంచుకు సమంగా కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువేయడం మంచిది కాదు. పల్లె హోటళ్ళలో పొద్దున ఇడ్లీ, దోశ, మధ్యాహ్నం కొన్నిచోట్ల రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి దొరుకుతాయి. సంగటి తిని వెంటనే మిట్ట ఎక్కలేరు, గంట ఆగాలి. తొక్కుతూ తినడానికి బెల్లం, వేయించిన చెనిక్కాయలు, అరటిపళ్ళు చాలు.

దారి ఒకటి: శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి (ఒక పూట)

మొదటిసారి బయల్దేరేవాళ్ళకు ఇదే. రానుపోను 35 నుంచి 40 కిలోమీటర్లు. అలిపిరి నుంచి జూపార్కు మీదుగా చెర్లోపల్లి వైపు పోయే రోడ్డుకు కుడి పక్కంతా కొండే. అక్కడి నుంచి శ్రీనివాస మంగాపురం. కల్యాణ వేంకటేశ్వరుడి గుడి దాటాక శ్రీవారి మెట్టుకు చీలే రోడ్డు కొండ పాదం దాకా పోతుంది. నడకదారి భక్తుల ఆటోలు పొద్దున ఎక్కువ కాబట్టి ఆ చీలికను తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. తొండవాడ దగ్గర అగస్త్యేశ్వరుడి గుడి పక్కన స్వర్ణముఖి, భీమ, కల్యాణి నదులు కలిసే చోటు కూర్చోవడానికి బావుంటుంది. చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది.

సామాను కట్టి చూడ్డానికి ఈ దారి పనికొస్తుంది. స్టాండు వదులైతే, కూర్చునే సీటు ఎత్తు సరిపోకపోతే ఇక్కడే బయటపడుతుంది. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే మోకాలు నిటారుగా రావాలి, అదే సీటుకు సరైన ఎత్తు.

దారి రెండు: తలకోన (రెండు రోజులు)

తిరుపతి నుంచి 55 కిలోమీటర్ల పైచిలుకు. రంగంపేట, భాకరాపేట, నెరబైలు, తలకోన. ఈ మార్గదర్శిలోని అందమైన దారి ఇదే, జాగ్రత్తలు కూడా దీనికే ఎక్కువ. భాకరాపేట కనుమ మదనపల్లె జాతీయ రహదారిలో భాగం. బస్సులు, లారీలు మలుపుల్లో రోడ్డంతా వాడుకుంటాయి. 2022 మార్చిలో ఈ కనుమలోనే నిశ్చితార్థానికి వెళ్తున్నవాళ్ళ బస్సు లోయలో పడింది. అందుకే తెల్లవారగానే తిరుపతి వదిలి, బండ్లు పెరగకముందే కనుమ ఎక్కేయాలి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి. ఎడమకు తిరిగే మలుపుల్లో లోపలి అంచు మరీ నిట్రంగా ఉంటుంది, వెనక బండి లేకపోతే కొంచెం వెలుపలగా ఎక్కండి. ఆయాసం వస్తే మలుపులో కాకుండా, రెండు వైపులా కనిపించే తిన్నటి చోట ఆగండి.

భాకరాపేట దాటి నెరబైలు వైపు తిరిగాక అసలు ప్రయాణం మొదలవుతుంది. మామిడితోటలు, చెరువులు, అక్కడక్కడ ఒక బస్సు. తలకోన జలపాతం 270 అడుగులు. వానాకాలం తర్వాత జనవరి దాకా ధార బావుంటుంది. వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధి కాబట్టి గేటు దగ్గర టికెట్టు తీసుకోవాలి, రోడ్డు వదిలి అడవిలోకి పోకూడదు, కట్టెపుల్ల కూడా ఏరకూడదు. గుడారం వేసుకోవచ్చనుకుని రావద్దు. అటవీ శాఖ, పర్యాటక శాఖ గదులు ముందే బుక్ చేసుకోండి. శివరాత్రి, కార్తీక సోమవారాలు, ఆదివారాలు వద్దు. కనుమ పండగ నాడు ఎ.రంగంపేట పశువుల పండగకు జనం పోటెత్తుతారు, ఆ రోజు ఆ రోడ్డే వద్దు.

దిగేటప్పుడు బ్రేకుల మీద శ్రద్ధ పెట్టండి. రిమ్ బ్రేకును అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ కాగి ట్యూబు పేలుతుంది. ముందుదీ వెనకదీ మార్చి మార్చి, రెండు సెకన్లు గట్టిగా పట్టి వదలండి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపు లోపల కాదు. డిస్క్ బ్రేకు ప్యాడ్‌లో రాపిడి పొర మిల్లీమీటరు కన్నా తగ్గితే బయల్దేరకముందే మార్చండి.

దారి మూడు: పుత్తూరు, నారాయణవనం, నాగలాపురం

ఎక్కుళ్ళు తక్కువ, కొండల మధ్య మైదానంలో సాగే దారి. తిరుపతి నుంచి పుత్తూరు దాకా హైవే రొద భరించడం కన్నా రైల్లో పుత్తూరు చేరి అక్కడినుంచి తొక్కడం మా సలహా. తొక్కే ఓపిక ఉంటే తిరుచానూరు, అప్పలాయగుంట మీదుగా ఊరి రోడ్లలో వడమాలపేట దాకా రావచ్చు. నారాయణవనంలో కల్యాణ వేంకటేశ్వరుడి గుడి, మగ్గాల చప్పుడు. అక్కడినుంచి నాగలాపురం వైపు పోతూ కైలాసకోన. జలధార కింద తడవొచ్చు గానీ ఆదివారం రద్దీ. నాగలాపురంలో మత్స్యావతార వేదనారాయణుడు. ఇంకా ఓపికుంటే తమిళనాడు సరిహద్దున సురుటుపల్లిలో శయనించిన శివుణ్ణి చూసి రావచ్చు. నాగలాపురం కొండల్లోని మడుగుల్లోకి అనుమతి లేకుండా, ఈత వచ్చన్న ధైర్యంతో పోకండి. రాళ్ళు నాచుపట్టి ఉంటాయి, లోతు తెలియదు.

ఇదే దారికి కొసరు: పుత్తూరు నుంచి కార్వేటినగరం, గంగాధర నెల్లూరు మీదుగా చిత్తూరు. కార్వేటినగరం స్కందపుష్కరిణి మెట్ల మీద మధ్యాహ్నం విశ్రాంతి తీసుకోవచ్చు. మిట్టపల్లాలు చాలా, పెద్ద ఘాట్ ఏదీ లేదు.

దారి నాలుగు: చిత్తూరు, కాణిపాకం, అర్ధగిరి

కాణిపాకం చిత్తూరుకు 12 కిలోమీటర్లలోపే. వినాయక చవితి నుంచి 21 రోజుల బ్రహ్మోత్సవాల్లో తప్ప పొద్దున్నే రోడ్డు ఖాళీ. అక్కడినుంచి తవణంపల్లె వైపు తిరిగితే మామిడితోటల మధ్య ఊరి రోడ్లు, చివర అరగొండ పైన ఆంజనేయుడి అర్ధగిరి. ఆఖరి ఎక్కుడు నిట్రంగా ఉంటుంది. సామాను కింద ఊళ్ళో పెట్టి ఎక్కండి. పౌర్ణమి రోజు మాత్రం జనం ఎక్కువ.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచు రోడ్లను సైకిల్ ప్రయాణానికి సిఫారసు చేయం. అక్కడ ఏనుగుల రాకపోకలు నిత్యం. మొగిలి ఘాట్‌లో లారీల బెడద వేరే.

దారి అయిదు: హార్స్‌లీ హిల్స్

మదనపల్లె రోడ్డు స్టేషన్ దాకా రైలు, మదనపల్లెలో రాత్రి బస, మర్నాడు పొద్దున కొండ. ఘాట్ మొదలయ్యే చోట సీసాలన్నీ నింపుకోండి. కూర్చునే ఎక్కండి. లేచి నిలబడి తొక్కితే సామాను అటూ ఇటూ ఊగి బలం వృథా. తల దిమ్మెక్కినా, చెమట ఆగిపోయినా అది వడదెబ్బ గుర్తు. నీడలో పడుకోబెట్టి ఒళ్ళు తడిపి 108కి ఫోన్ చేయండి. పైన డిసెంబరు రాత్రులు చలి గట్టిగానే ఉంటుంది, ఉన్ని బట్ట ఒకటి అవసరం. దిగే ముందు గాలి ఆపే పలచటి జాకెట్ వేసుకోండి, తడిసిన చొక్కాతో దిగితే చేతులు కొయ్యబారి బ్రేకు పట్టు తప్పుతుంది.

కుక్క, పాము, పడిపోవడం

కుక్క వెంటపడితే వేగం పెంచకండి. దిగి సైకిల్‌ని అడ్డం పెట్టుకుని నడిస్తే చాలావరకు వెనక్కి పోతుంది. కరిస్తే పావుగంట సేపు పారే నీటితో, సబ్బుతో కడిగి, అదే రోజు టీకా వేయించుకోవాలి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం వద్దు. కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేరండి. పుత్తూరు కట్టు పేరు ఎంత గొప్పదైనా, పడి ఎముక విరిగిందనిపిస్తే ముందు ఎక్స్‌రే.

సైకిల్‌ని రైల్లో వేయడం

రైలుకు గంట ముందే స్టేషన్ పార్సిల్ ఆఫీసుకు వెళ్ళి టికెట్టు చూపి లగేజీగా బుక్ చేయాలి. రసీదు నంబరు సైకిల్ మీద కూడా రాయిస్తారు. ఫ్రేముకు పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రాసిన అట్ట కట్టండి. సంచులు, లైట్లు, పంపు ఊడదీసి మీతో ఉంచుకోండి. వెనక డీరైలర్ వైపు పైకి ఉండేలా పెట్టమని కూలీకి చెప్పండి. కింద పడితే దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగి గేర్లు జారతాయి. చిన్న స్టేషన్లలో రైలు ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది. దిగగానే గార్డు వ్యాన్ వైపు పరుగెత్తడానికి వీలుగా చివరి పెట్టెల్లో కూర్చోండి.